ఉక్కు గుండు, రెండు మీటలు: పిన్‌బాల్ దగ్గరికి కుర్రకారు ఎలా చేరుతున్నారు?

పిన్‌బాల్ అంటే గాజు పలక కింద వాలు బల్ల మీద దొర్లే ఉక్కు గుండును, మీటలు నొక్కి కిందికి పోకుండా కాపాడుకునే మెషిన్ ఆట. 2017లో అమెరికాలో జరిగిన పాపా (ప్రొఫెషనల్ అండ్ అమెచ్యూర్ పిన్‌బాల్ అసోసియేషన్) ప్రపంచ పిన్‌బాల్ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఎస్చర్ లెఫ్‌కాఫ్‌కు అప్పటికి 13 ఏళ్లు. తనకంటే రెండింతలు, మూడింతలు వయసున్న వాళ్లను ఓడించాడు. ఆ తర్వాత ప్రపంచ ర్యాంకింగ్‌లో ఒకటో స్థానం దాకా వెళ్లాడు. ఈ సంగతి చెప్పగానే కొందరు ‘చూశారా, పిన్‌బాల్ మళ్లీ కుర్రాళ్ల ఆట అయిపోయింది’ అంటారు. ఇంకొందరు ‘వాళ్ల నాన్న కూడా పిన్‌బాల్ ఆటగాడే కదా, ఆ మెషిన్ మొహమే చూడని పిల్లల మాటేంటి?’ అని అడుగుతారు.

నాకు ఈ రెండో ప్రశ్నే ముఖ్యం అనిపిస్తుంది. ‘ఈ కాలం పిల్లలకు పిన్‌బాల్ మీద ఆసక్తి ఉందా?’ అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఆసక్తి పిల్లల మనసులో ముందే తయారై కూర్చుని ఉండదు. మెషిన్ వాళ్లకు అందే చోట ఉండాలి, అది సరిగ్గా పనిచేస్తూ ఉండాలి, ‘మీట వదిలెయ్, తొందరపడకు’ అని పక్కన నిలబడి చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఈ మూడూ ఉన్నచోట కుర్రకారు వస్తున్నారు. ఏ ఒక్కటి లేకపోయినా రావడం లేదు. ఎందుకిలా అయిందో తెలియాలంటే, ముందు ఆ గాజు పలక కింద ఏం జరుగుతుందో చూడాలి.

పిన్‌బాల్ బల్ల ఆడేవాళ్ల వైపుకు సుమారు ఆరున్నర డిగ్రీలు వాలి ఉంటుంది. దాని మీద 27 మిల్లీమీటర్ల ఉక్కు గుండు దొర్లుతుంది. బరువు 80 గ్రాములు. స్ప్రింగు ఉన్న ప్లంజర్‌తో గుండును పైకి కొడితే అది తగలగానే ఎగదన్నే బంపర్లకు తగిలి, ర్యాంపులనే ఏటవాలు దారులు ఎక్కి దిగి, చివరికి కిందికే వస్తుంది. కింద తెడ్ల లాంటి రెండు ఫ్లిప్పర్లు, వాటి మధ్య ఒక సందు. ఆ సందులో పడితే గుండు పోయినట్టే. మెషిన్‌కు రెండు పక్కలా ఉన్న మీటల్లో ఒకటి నొక్కగానే బల్ల అడుగున ఉన్న తీగచుట్ట, అంటే కాయిల్‌లోకి కరెంటు వెళ్తుంది. అది ఒక ఇనుప కడ్డీని లోపలికి గుంజుకుంటుంది, ఆ గుంజుడుకు ఫ్లిప్పర్ పైకి లేస్తుంది. మొత్తం ఆటంతా ఈ ఒక్క కదలిక మీదే నడుస్తుంది.

ఇప్పుడు గుండు ఎడమ పక్క దారిలోంచి జారి ఎడమ ఫ్లిప్పర్ మీదికి వస్తోందనుకోండి. కొత్తగా ఆడేవాళ్లకు అక్కడ టెన్షన్ మొదలవుతుంది. రెండు మీటలూ ఒకేసారి టపటపా కొట్టేస్తారు. రెండు ఫ్లిప్పర్లూ లేచేసరికి మధ్య సందు ఇంకా పెద్దదవుతుంది, గుండు కాస్తా అందులోకి పోతుంది. ఆట తెలిసినవాళ్లు ఎడమ మీట ఒక్కటే నొక్కి అలాగే పట్టుకుంటారు. లేచి ఉన్న ఫ్లిప్పర్ మీద గుండు వెనక్కి దొర్లి, దాని మొదట్లో ఒడిలో కూర్చున్నట్టు ఆగిపోతుంది. ఇక తొందరేం లేదు. ఊపిరి పీల్చుకుని, ఏది కొట్టాలో చూసుకుని, మీట వదలొచ్చు. వదలగానే ఫ్లిప్పర్ దిగుతుంది, గుండు కొన వైపు దొర్లడం మొదలుపెడుతుంది. అది ఇంకా మొదట్లో ఉండగానే కొడితే ఎడమ పక్కకే పైకి వెళ్తుంది, కొన దాకా రానిచ్చి కొడితే అడ్డంగా కుడి పక్కకు దూసుకెళ్తుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా రెప్పపాటు కంటే తక్కువ. ఆ తేడాను చేతికి అలవాటు చేయడాన్నే మనం తెలుగులో ఒడుపు అంటాం.

ఈ ఒడుపు కంటికి కనబడదు. చిక్కంతా ఇక్కడే. దూరం నుంచి చూసేవాళ్లకు లైట్లు, మోతలు, అటూ ఇటూ ఎగిరే గుండు మాత్రమే కనిపిస్తాయి. అంతా అదృష్టం మీదే నడుస్తున్నట్టు ఉంటుంది. ఒక కాలంలో చట్టం కూడా ఇలాగే చూసింది.

ఈ ఆట మూలం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఆడిన బాగటెల్ అనే బల్ల ఆట. దానికి స్ప్రింగు ప్లంజర్ తగిలించి 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. 1931లో డేవిడ్ గాట్లీబ్ షికాగోలో తయారుచేసిన బాఫుల్ బాల్ అనే మెషిన్ వేల సంఖ్యలో అమ్ముడుపోయింది. ఆర్థిక మాంద్యం రోజులవి. ఒక్క సెంటుతో కాసేపు కాలక్షేపం అయ్యేది. అయితే ఆ మెషిన్లకు ఫ్లిప్పర్లు లేవు. గుండు వదిలాక బల్లను కొద్దిగా కుదపడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. కొన్ని మెషిన్లు గెలిచినవాళ్లకు డబ్బు కూడా ఇచ్చేవి. దాంతో జూదం అన్న ముద్ర పడింది. 1942 జనవరిలో న్యూయార్క్ నగరం పిన్‌బాల్‌ను నిషేధించింది. మేయర్ ఫియొరెల్లో లాగార్డియా సమ్మెట పట్టుకుని మెషిన్లు పగలగొడుతున్న ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది పిల్లల గురించే. మధ్యాహ్నం తిండికని ఇంట్లో ఇచ్చిన చిల్లర బడిపిల్లల జేబుల్లోంచి ఈ మెషిన్లలోకి పోతోందని ఆయన బాధ. లాస్ ఏంజెలస్‌లోనూ, ఈ మెషిన్లు తయారయ్యే షికాగోలోనూ కూడా ఇలాంటి నిషేధాలే వచ్చాయి.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసే విషయం తేదీలు. న్యూయార్క్ నిషేధం వచ్చిన ఐదేళ్లకు, 1947లో, గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ అనే మెషిన్‌కు మొదటిసారి కరెంటు ఫ్లిప్పర్లు పెట్టింది. హ్యారీ మాబ్స్ దాని డిజైనర్. మరుసటి ఏడాది స్టీవ్ కోర్డెక్ ఫ్లిప్పర్లను రెండుకు తగ్గించి అడుగు భాగంలోకి తెచ్చాడు. అక్కడితో అది వేరే ఆట అయిపోయింది. గుండును ఆపొచ్చు, గురి చూసి కొట్టొచ్చు. కానీ చట్టం మాత్రం ఫ్లిప్పర్లు లేని పాత మెషిన్‌నే కళ్లముందు పెట్టుకుని కూర్చుంది. ఆ మార్పు దాని కంటికి ఆనడానికి 1976 దాకా పట్టింది.

ఆ ఏడాది న్యూయార్క్ సిటీ కౌన్సిల్ కమిటీ ముందుకు రోజర్ షార్ప్ అనే పత్రికా సంపాదకుడు వచ్చాడు. అప్పటికి అతను ఇంకా ఇరవైల్లోనే ఉన్నాడు. పిన్‌బాల్ ఒడుపుతో ఆడే ఆటని వాదించడానికి ఊరికే మాటలు చెప్పలేదు, అక్కడే మెషిన్ పెట్టి ఆడి చూపించాడు. ఏదైనా మోసం ఉందేమోనని ఒక సభ్యుడు అనుమానపడితే, పక్కన పెట్టిన రెండో మెషిన్ మీద ఆడాడు. చివరికి ప్లంజర్ లాగి ‘గుండు మధ్య దారిలోంచి దిగుతుంది’ అని ముందే చెప్పి వదిలాడు. అది చెప్పినట్టే దిగింది. నిషేధం ఎత్తేశారు. ఆ ప్లంజర్ దెబ్బలో అదృష్టం కూడా కలిసొచ్చిందని షార్ప్ తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే ఆట నిజ స్వరూపం కూడా అదే. ఒడుపే ఎక్కువ, కొంచెం అదృష్టం ఎప్పుడూ మిగిలే ఉంటుంది. షార్ప్ కొడుకులు జాక్, జాష్ ఇద్దరూ పెరిగి పెద్దయ్యాక మేటి ఆటగాళ్లయ్యారు. ఇవాళ ప్రపంచ ర్యాంకింగ్‌లు లెక్కగట్టే అంతర్జాతీయ ఫ్లిప్పర్ పిన్‌బాల్ అసోసియేషన్‌ను నడుపుతున్నదీ వాళ్లే. పిన్‌బాల్ ఇళ్లలో ఎలా చేతులు మారుతుందో చెప్పడానికి లెఫ్‌కాఫ్ ఇల్లు, షార్ప్ ఇల్లు చాలు.

మరి అలాంటి ఇంట్లో పుట్టని పిల్లల సంగతి? వాళ్ల దారి 1990లలో మూసుకుపోయింది. 1992లో ప్యాట్ లాలర్ డిజైన్ చేసిన ది ఆడమ్స్ ఫ్యామిలీ మెషిన్ 20 వేలకు పైగా అమ్ముడైంది. అంతా బాగుందనుకున్నారు. ఏడేళ్లు తిరిగేసరికి, 1999లో, దాన్ని తయారుచేసిన పెద్ద కంపెనీ విలియమ్స్ పిన్‌బాల్ విభాగాన్నే మూసేసింది. జూదానికి వాడే స్లాట్ మెషిన్లలో లాభం ఎక్కువ కదా. వీడియో గేములు ఇళ్లలోకి వచ్చాయి, నాణెం వేసి గేములు ఆడే హాళ్లు, అంటే ఆర్కేడ్‌లు ఖాళీ అయ్యాయి. పైగా పిన్‌బాల్ మెషిన్‌కు చాకిరీ ఎక్కువ. వీడియో గేమ్ పెట్టెను అప్పుడప్పుడూ తుడిస్తే చాలు. దీనికి మాత్రం బల్బులు పోతాయి, రబ్బర్లు అరిగిపోతాయి, స్విచ్‌లు వంగిపోతాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు గ్యారీ స్టెర్న్ కంపెనీ ఒక్కటే ఈ మెషిన్లు తయారుచేస్తూ వచ్చింది.

ఆ ఖాళీలో పెరిగిన తరానికి పిన్‌బాల్ అంటే కంప్యూటర్లో చూసిన స్పేస్ క్యాడెట్. విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన ఆ అంతరిక్షం బల్ల గుర్తున్నవాళ్లు కోట్లలో ఉంటారు. తర్వాత వచ్చిన విండోస్ విస్టాలో అది మాయమైంది. 64 బిట్ కంప్యూటర్ల కోసం మార్చబోతే గుండు గోడల్లోంచి దూరిపోవడం మొదలైందని, ఎక్కడ తేడా కొట్టిందో దొరక్క వదిలేశారని మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ రేమండ్ చెన్ రాశాడు. నిజం మెషిన్ చూడకుండానే ఒక తరం చేతివేళ్లు ఆ ఆటకు అలవాటు పడ్డాయి. ఇప్పటి కుర్రాళ్లకు జెన్ స్టూడియోస్ వాళ్ల పిన్‌బాల్ ఎఫ్ఎక్స్ లాంటి గేములు అదే పని చేస్తున్నాయి. పాత విలియమ్స్ బల్లలు కూడా అందులో దొరుకుతాయి. స్క్రీన్ మీద ఆడి ఆ నియమాలన్నీ నేర్చుకుని, తర్వాత అసలు మెషిన్ ముందుకు వచ్చేవాళ్లు ఉన్నారు. కాబట్టి ‘ఫోన్లతో విసిగిపోయి పిల్లలు పిన్‌బాల్ వైపు వస్తున్నారు’ అనే మాటను నేను పూర్తిగా నమ్మను. చాలామందిని అక్కడికి తీసుకొస్తున్నది ఫోనే.

అది ఎలాగంటే, పాతకాలంలో ఆర్కేడ్‌లో వీళ్లూ వాళ్లూ ఆడుతుంటే భుజాల మీంచి చూసి నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు ఆ భుజాల స్థానంలో లైవ్ స్ట్రీమ్‌లు వచ్చాయి. ఒక కెమెరా బల్ల మీద, ఒకటి ఆటగాడి మొహం మీద, ఒకటి స్కోర్ మీద పెట్టి ఆడుతూ మాట్లాడతారు. డెడ్ ఫ్లిప్ పేరుతో లైవ్ వీడియోల సైట్ ట్విచ్‌లో అలా స్ట్రీమ్ చేసిన జాక్ డేంజర్ తర్వాత స్టెర్న్ కంపెనీలో చేరి, 2023లో వచ్చిన ఫూ ఫైటర్స్ మెషిన్‌ను డిజైన్ చేశాడు. 2021లో స్టెర్న్ తన మెషిన్లకు క్యూఆర్ కోడ్ లాగిన్ పెట్టింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే మన స్కోర్లు, సాధించిన ఘట్టాలు మన పేరు మీద నిలిచిపోతాయి. గుండు పోగానే అంతా గాలికి కొట్టుకుపోయే ఆటలో, కొత్తవాళ్లకు చేతికి చిక్కేది ఏదో ఒకటి మిగులుతోంది. పిన్‌బాల్ మ్యాప్ అనే యాప్‌లో ఏ మెషిన్ ఎక్కడ ఉందో ఆటగాళ్లే నమోదు చేస్తుంటారు. అది చూసుకుని వెతుక్కుంటూ వెళ్లొచ్చు.

వెళ్లాక మాత్రం పరిస్థితి అంత సులభంగా లేదు.

అమెరికాలో పిన్‌బాల్ తిరిగి లేచింది ఎక్కువగా బార్లలో. మద్యంతో పాటు పాత గేములు పెట్టిన చోట్ల మెషిన్లు నిలదొక్కుకున్నాయి, వాటి చుట్టూ లీగ్‌లు పుట్టాయి. మద్యం డబ్బే మెషిన్ రిపేర్లకు ఆసరా అవుతోంది, అది మంచిదే. కానీ అక్కడ మద్యం తాగడానికి 21 ఏళ్లు నిండాలి. చాలాచోట్ల చీకటి పడ్డాక అంతకు తక్కువ వయసువాళ్లను లోపలికి రానివ్వరు. దీంతో ‘యువత’ అని మనం ఒకే మాటలో చెప్పేది మూడు ముక్కలైంది. ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్లు లీగ్‌లలో బాగానే కనిపిస్తున్నారు. చిన్నపిల్లలు తల్లిదండ్రులతో పగటిపూట వస్తున్నారు. అమ్మానాన్నలతో రావడానికి మొహమాటపడే, ఒంటరిగా వస్తే తలుపు దగ్గరే ఆగిపోయే టీనేజర్లకు మాత్రం చోటు లేదు. ఒక ఆట మనిషి మనసులో పాతుకుపోయేది సరిగ్గా ఆ వయసులోనే. పిన్‌బాల్ లోకంలో ఇంతకంటే పెద్ద లోటు నాకు కనబడదు.

రెండో అడ్డంకి డబ్బు. కొత్త మెషిన్ కొనాలంటే మామూలు రకానికే వేల డాలర్లు, హంగులున్నవి పదివేలు దాటిపోతాయి. అంత పెట్టి ఇంటికి కొనుక్కునేవాళ్లు ఎక్కువగా నడివయసు వాళ్లు. అందుకే మెషిన్ల మీద వాళ్ల కుర్రతనంలోని రాక్ బ్యాండ్లు, సినిమాలే ఎక్కువ కనిపిస్తాయి. పదహారేళ్ల పిల్లకి ఆ బొమ్మల్లో సగం ఎవరివో తెలియవు. అయినా బొమ్మ తెలియకపోవడం పెద్ద నష్టం కాదని నా ఉద్దేశం. గుండు ర్యాంప్ మీదికి నున్నగా ఎక్కినప్పుడు కలిగే ఆనందానికి బొమ్మతో పని లేదు.

అసలు నష్టం నాణెం దగ్గర జరుగుతోంది. కొత్తవాళ్ల మొదటి ఆట ఒకటి రెండు నిమిషాల్లో అయిపోవచ్చు. ఆటకు ఇచ్చే మూడు గుండ్లూ పోయాయి, డబ్బు పోయింది, ఎందుకు పోయిందో అర్థం కాలేదు. ఫోన్లో ఉచితంగా గంటలు ఆడే అలవాటున్న మనిషికి ఇది చెంపదెబ్బ లాంటిది. ఒకసారి టికెట్ తీసుకుంటే ఎన్ని మెషిన్లయినా ఎంతసేపైనా ఆడుకోనిచ్చే మ్యూజియాలు ఇక్కడే వేరుగా నిలబడతాయి. కాలిఫోర్నియాలోని అలమీడాలో పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం, హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఉన్న పిన్‌బాల్ మ్యూజియం అలాంటివే. నాణెం లెక్క లేకపోతే ఓడిపోవడానికి ఖర్చు లేదు. ఖర్చు లేనప్పుడు మీట నొక్కకుండా ఊరుకుంటే ఏమవుతుందో చూద్దాం అనిపిస్తుంది. నేర్చుకోవడం అప్పుడు మొదలవుతుంది. పిల్లలకు ఈ ఆట చూపించాలనుకునే ఎవరికైనా నేను ముందు ఇలాంటి చోటుకే తీసుకెళ్లమంటాను.

మూడోది ఎవరూ అంతగా మాట్లాడనిది: మెషిన్ ఆరోగ్యం. కాయిల్ దగ్గరి భాగాలు అరిగిపోయి ఒక ఫ్లిప్పర్ నీరసించిందనుకోండి. గుండు ర్యాంప్ సగం దాకా ఎక్కి వెనక్కి జారిపోతుంది. పాత ఆటగాళ్లు రెండు దెబ్బల్లో కనిపెట్టి ‘ఇది నీరసంగా ఉంది’ అని పక్క మెషిన్‌కు వెళ్లిపోతారు. మొదటిసారి వచ్చిన అమ్మాయికి ఆ సంగతి తెలియదు. తప్పు తన చేతులదే అనుకుంటుంది. పదిసార్లు కొట్టి, పదిసార్లూ జారిపోతే ‘ఇది నాకు రాదు’ అని నిర్ణయించుకుని వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. ఆ సాయంత్రం ఎవరైనా ఆ మెషిన్ తెరిచి, అరిగిన ముక్క మార్చి ఉంటే ఒక ఆటగత్తె మిగిలేది. ఈ తరంలో ఆడేవాళ్ల కంటే బాగుచేసేవాళ్లు తయారుకావడం ఎక్కువ అవసరమేమో అనిపిస్తుంది. నిజానికి కొంతమంది కుర్రాళ్లు ఆటలోకి దిగేదే ఆ దారిలో: బల్ల పైకెత్తి అడుగున ఉన్న వైర్ల అడవి చూసి, ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని.

ఇన్ని అడ్డంకులున్నా ఈ ఆటలో కుర్రకారుకు కలిసొచ్చేది ఒకటుంది. వయసు, బలం, ఎత్తు ఇక్కడ పెద్దగా లెక్కలోకి రావు. స్టూల్ వేసుకుని నిలబడ్డ పదేళ్ల పిల్ల, అరవై దాటిన పెద్దాయన ఒకే మెషిన్ మీద వంతులేసుకుని ఆడి, ఆమె గెలవడం అసాధ్యమేమీ కాదు. టోర్నమెంట్లలో సాధారణంగా నలుగురిని ఒక మెషిన్ దగ్గరికి పంపుతారు. మన వంతు వచ్చేదాకా మిగతా ముగ్గురి ఆట చూడాల్సిందే. ఒకరు గుండును అంత నిదానంగా ఎలా ఆపారో, ఇంకొకరు బల్లను ఎప్పుడు తట్టారో కళ్లముందే జరుగుతుంది. తట్టడానికీ హద్దు ఉంది. ఎక్కువ కుదిపితే లోపల వేలాడుతున్న లోలకం చుట్టూ ఉన్న రింగుకు తగిలి ‘టిల్ట్’ అంటూ మెషిన్ చచ్చిపోతుంది, ఆ గుండు పోయినట్టే. ఆ హద్దు ఎక్కడుందో పుస్తకంలో రాసి ఉండదు. మెషిన్‌కో రకంగా ఉంటుంది. పక్కవాళ్లను చూసి, అడిగి తెలుసుకోవాలి. అడిగితే చెప్పనివాళ్లు ఈ ఆటలో తక్కువ. ఓడించిన మనిషే వచ్చి ‘అక్కడ అలా కాదు, ఇలా’ అని చూపించడం ఇక్కడ మామూలే.

అడగడానికి ధైర్యం రావడం మరో మెట్టు. మగవాళ్లతో నిండిపోయిన గదిలోకి ఒంటరిగా అడుగుపెట్టాల్సిన అమ్మాయిలకు ఇది చిన్న విషయం కాదు. 2013లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో మొదలైన బెల్స్ అండ్ చైమ్స్ అనే మహిళల లీగ్ ఆ గదినే మార్చింది. ఆ తర్వాత ఇతర నగరాల్లోనూ శాఖలు వచ్చాయి. ఇప్పుడు మహిళలకు ప్రత్యేక ర్యాంకింగ్ కూడా ఉంది. ఆ లీగ్‌లలో మొదలుపెట్టి అందరితో కలిసి ఆడే పోటీలకు వెళ్లినవాళ్లు చాలామంది.

కొత్తగా మెషిన్ ముందు నిలబడ్డవాళ్లకు మొదట నేర్పాల్సిన పని ఒకటుంది. గుండు పైనుంచి వేగంగా ఒక ఫ్లిప్పర్ మీదికి వస్తున్నప్పుడు ఏమీ చేయకుండా ఊరుకోవడం. వేళ్లు మీటల మీదే ఉంటాయి, నొక్కమని గుండె కొట్టుకుంటుంది. నొక్కకూడదు. గుండు దించి ఉన్న ఫ్లిప్పర్ రబ్బరుకు తగిలి, ఒక్క గెంతు గెంతి, మధ్య సందు మీదుగా అవతలి ఫ్లిప్పర్ మీదికి వెళ్లి పడుతుంది. మొదటి రెండుసార్లు కంగారులో మీట నొక్కేస్తారు, గుండు పోతుంది. మూడోసారికో నాలుగోసారికో ఊరుకుంటారు. గుండు సందు దాటుతుంది. అప్పుడు అవతలి మీట నొక్కి పట్టుకుంటే, అది ఫ్లిప్పర్ ఒడిలోకి దొర్లి ఆగుతుంది.